మూడు ఎక్కువా, నాలుగు ఎక్కువా

పటాన్‌చెరులోని ఒక ఆసుపత్రి ల్యాబులో, క్యాన్సర్ ఎంత తీవ్రంగా ఉందో కణాలను చూసి తేల్చే పని డాక్టర్ సునందది. ఆమె ఎప్పుడూ కుదురుగా కూర్చోదు. మైక్రోస్కోపు ముందు పాదం ఆడిస్తూనే ఉంటుంది, చూసిన స్లైడునే మళ్ళీ పెడుతుంది, సంతకం చేశాక కూడా లేచి కిటికీ దాకా నడిచి వస్తుంది. ప్రోస్టేటు గ్రంథి నుంచి పరీక్షకు తీసిన ముక్కలైతే మరీను. తీవ్రతను బట్టి ఐదు దాకా అంకెలిచ్చే ఆ కణాల్లో మూడో రకం ఎక్కువుంటే జబ్బు సాధారణంగా నిదానంగా సాగుతుంది. నాలుగో రకం ఎక్కువుంటే త్వరగా ముదురుతుంది. రెండూ కలిసినచోట ఏది ఎక్కువో చెప్పడం ఆమె కళ్ళ మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ రోజు బొల్లారం కంపెనీలో బాయిలర్ చూసే మొగులయ్యకు మూడే ఎక్కువని రాసి పంపింది. గంటసేపు మనసు ఊరుకోలేదు. స్లైడ్లన్నీ మళ్ళీ తీసి చూస్తే నాలుగే ఎక్కువ. ఆమె బయటికి పరుగెత్తింది. మొగులయ్య రిపోర్టు కవరు పట్టుకొని ఇంకా బెంచీ మీదే ఉన్నాడు.

"పెద్దయ్యా, నేను తప్పు రాసిన. జబ్బు అనుకున్నదానికన్నా గట్టిగున్నది."

ఆయన చేతిలోని కవరు తిరగేసి చూశాడు.

"ఇంకోసారి సూడున్రి మేడమ్. తగ్గుతదేమో."

తగ్గదని ఆమెకు తెలుసు. అయినా లోపలికి వెళ్ళి ఆయన నుంచి తీసిన పన్నెండు ముక్కలనూ మొదటి నుంచి చూసింది. తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపింది.

మొగులయ్య కవరు ఆమె చేతిలో పెట్టి లేచాడు.

"మంచిది. ఇగ ఏ డాక్టర్ తానకు పోవాలెనో మీరే తోలుకపోన్రి."