రెండో బ్రేకుకి నూనె చుక్క

రోజూ పొద్దున్నే ముఖం కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కాఫీ అయినా నోట పడకముందే డ్రైవింగు మాస్టారు చేసే పని ఒకటుండేది. ఇంటి ముందున్న పాత కారు పక్కసీటు తలుపు తెరిచి, మోకాళ్ళ మీద వంగి, అక్కడున్న బ్రేకు కీలుకి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసేవారు. తోలేవాడి కాళ్ళ దగ్గర ఉండే బ్రేకు కాదది. పక్కన కూర్చుని నేర్పేవాడి కోసం పెట్టించిన రెండో బ్రేకు. చుక్క వేశాక చేత్తో నాలుగుసార్లు నొక్కి, చెవి ఒగ్గి విని, చప్పుడు లేదని నమ్మకం కుదిరాకే లేచేవారు. పాఠాలు చెప్పడం మానేసి మూడేళ్ళయినా ఈ పని మానలేదు.

"కదలని కారుకి ఈ సేవేమిటండీ" అని భార్య అడిగితే, "నీకు తెలీదులే" అనేవారు.

ఆ మాట ఆయనకి ఊతపదం. ఆయన కంటికి మనుషులు ఆనేవారు కారు. బస్సు డ్రైవరంటే ఆయన దృష్టిలో గొడ్లు తోలుకునేవాడు. గేర్లు మార్చక్కర్లేని కారు కొన్న డాక్టరు చక్రాల కుర్చీ కొనుక్కున్నట్టు లెక్క. ఎదురింటి మేస్త్రీ బండి వెనక్కి తీసే తీరు చూసి, "ఇతను కట్టిన ఇళ్ళల్లో జనం ఎలా నిద్రపోతున్నారో" అనేవారు.

అయితే కారు తలుపు వేసుకున్నాక ఆయన వేరే మనిషి. ముప్ఫై ఏళ్ళలో నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని ఒక్క మాట అనలేదు. ఎదురుగా గోడ వచ్చేస్తున్నా "బాగుంది, అలాగే పోనీ" అంటూనే కింద కాలితో రెండో బ్రేకు మెత్తగా నొక్కేవారు. కారు గోడకి జానెడు దూరంలో ఆగేది. తోలేవాడు చెమట తుడుచుకుని, "ఆపేశాను మాస్టారూ" అనేవాడు. "ఆపావు మరి" అనేవారు. ఆ కీలు కిర్రుమంటే ఎవరు ఆపారో తెలిసిపోతుంది. అందుకే నూనె. భగవంతుడు మనల్ని రోజుకెన్నిసార్లు ఇలా ఆపుతున్నాడో మనకేం తెలుసు. ఆయన బ్రేకుకీ చప్పుడుండదు.

మాస్టారి చెల్లెలి కూతురు సైకిలు కొట్టు మీది గదిలో మరో ముగ్గురితో కలిసి ఒక కంప్యూటరు ఆట తయారుచేసింది. ట్యాంకుల యుద్ధం. ఆరేళ్ళు పట్టింది. అందులో ఇంజను వేడెక్కుతుంది, నూనె అయిపోతుంది, వాన కురిస్తే బురద ఎంత లోతు దిగబడాలో కూడా లెక్క ఉంది. ట్యాంకు కదలాలంటే పంతొమ్మిది మీటలు వరసగా నొక్కాలి. ఎలా ఆడాలో చెప్పే పుస్తకం మూడు వందల నలభై పేజీలు. మాస్టారు దాన్ని చేతిలో పట్టుకుని బరువు చూశారు.

"లేని ట్యాంకులో లేని నూనె పోసి, లేని బురదలో దిగబడి, లేని శత్రువు చేతిలో చావడానికి ఇంత చదువా? దీనికన్నా నిజంగా సైన్యంలో చేరడం తేలిక."

ఆ పిల్ల నవ్వలేదు. ఆటని అందరి కంప్యూటర్లకీ అందించే పెద్ద కంపెనీవాళ్ళు కబురు పెట్టారట. వందమంది కొత్తవాళ్ళు వస్తే తొంభైమంది ట్యాంకుని షెడ్డులోంచి బయటికి తియ్యకుండానే మానేసి పోతున్నారు. నెలాఖరులోగా కొత్తవాళ్ళు నిలవకపోతే ఆట మూసేస్తామన్నారు. ఆరేళ్ళ పని ఆరునూరైనా దక్కించుకోవాలని మేనమామ దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, నీ దగ్గర నేర్చుకోవడానికొచ్చి మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది?"

"ముగ్గురు. ఒకావిడకి వేరే ఊరు బదిలీ అయింది. ఒకాయన కాలం చేశాడు."

"మూడోవాళ్ళు?"

"మీ అత్తయ్య" అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. వంటింట్లో గిన్నె కాస్త గట్టిగానే మోగింది.

మర్నాడు మాస్టారు ఆ మేడగదికి వెళ్ళి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ట్యాంకు ఎక్కారు. నాలుగు వేలమందికి బండి నేర్పిన మనిషి గంటన్నరసేపు షెడ్డులోనే ఉండిపోయారు. ఐదో మీట దాకా రావడం, ఆరోది తప్పడం, ఇంజను ఆగిపోవడం. తెర మీద ఆయన ట్యాంకు నెత్తిన రెండు మాటలు వెలుగుతున్నాయి: కొత్త బిచ్చగాడు.

"ఇదేమిటే?"

"వంద గంటలు ఆడేదాకా అందరికీ అదే బిరుదు మావయ్యా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అంటారు కదా. సరదాగా ఉంటుందని మేమే పెట్టాం."

"ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే బిచ్చగాడా అని పిలిచి, లోపలికి రావట్లేదేమిటని ఏడుస్తున్నారన్నమాట."

ఇంతలో హెడ్‌ఫోన్లలో పాతవాళ్ళ గొంతులు మొదలయ్యాయి. "తాతగారూ, అది ట్యాంకండీ, పడక్కుర్చీ కాదు" అని ఒకడు. "షెడ్డుకి అద్దె కడుతున్నారేమో, పోనీ ఉండనీ" అని ఇంకొకడు. అందరిలోకి పెద్ద గొంతు ఒకటి. దాన్ని సేనాపతి అంటారు. ఆ ఆటలో వాణ్ణి ఓడించినవాడు లేడట. "ఆరోది పంపు మీట అని చెప్పండి సార్" అని ఎవరో అంటే, "నాకు తెలుసు, నాకు తెలుసు. అది కూడా తెలీకుండా యుద్ధానికి వచ్చేస్తారు" అంది ఆ గొంతు.

ఆ గుంపులో ఒక్కడూ పంతొమ్మిది మీటలు తల్లి కడుపులో నేర్చుకుని వచ్చినవాడు కాడు. ఎవరో ఒకరు చెబితే నేర్చుకున్నవాళ్ళే. ఏరు దాటి తెప్ప తగలేసి, ఒడ్డున నిలబడి మునిగేవాళ్ళని చూసి నవ్వే రకం. పగలంతా ఎవరికో వంగి వంగి బతుకుతూ, సాయంత్రం రెండు గంటలపాటు లేని మీసం మెలేసుకునే వీరులు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగే.

మాస్టారికి మాత్రం కోపం రాలేదు. హెడ్‌ఫోన్లు తీసేశారు. "నాకు తెలుసు, నాకు తెలుసు" అనే ఆ గొంతుని ఆయన నలభై రోజులు పక్కసీట్లో కూర్చుని విన్నారు. పదకొండేళ్ళ కిందట కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసే ఒకాయన నేర్చుకోవడానికి వచ్చాడు. అతను ఆ మాట అన్నప్పుడల్లా మాస్టారి కాలు తనంతట తానే రెండో బ్రేకు మీదికి వెళ్ళేది.

"నీకతను తెలుసా మావయ్యా? అతనెలా తోలేవాడో అందరి ముందూ చెప్పెయ్. తిక్క కుదురుతుంది."

"కారులో జరిగింది కారులోనే. నువ్వు ముందు ఆ బిరుదు తీసెయ్యి."

బిరుదు పోయింది. ఆ తరవాత మాస్టారు, మిగతా ముగ్గురిలో ట్యాంకు ఇంజను ప్రోగ్రాం రాసినాయనతో పెట్టుకున్నారు. కొత్తవాడు ఎక్కేసరికి ఇంజను ఆడుతూ ఉండాలన్నారు. ఇంజను రాసినాయన గడ్డం గోక్కున్నాడు.

"అలాగైతే అసలుతనం పోతుందండీ. నిజం యుద్ధంలో..."

"నిజం యుద్ధంలో చేరిన రోజునే ట్యాంకు అప్పగిస్తారా బాబూ? ముందు నీళ్ళెక్కడో, పక్కెక్కడో చూపిస్తారు. నీకు ఈత వచ్చు గదాని నీ పిల్లని నూతిలో తోశావా?"

"లేదండి."

"మరి ఊళ్ళోవాళ్ళ పిల్లల్నెందుకు తోస్తున్నావు?"

మొదటి పాఠంలో ఒక్కటే పని పెట్టారు: ఆపడం. కదలడం ఎవడికైనా వస్తుంది, ఆపగలనన్న ధైర్యం వచ్చినవాడే ముందుకి పోతాడని మాస్టారి లెక్క. పద్దెనిమిది మీటలు ఆటే చూసుకుంటుంది. రోజుకొకటి చొప్పున కొత్తవాడి చేతికి ఇస్తుంది. వారం తిరిగేసరికి షెడ్డు దాటేవాళ్ళు వందకి యాభైమంది అయ్యారు. కానీ బయటికొచ్చిన ట్యాంకుని పాతవాళ్ళు పొలం గట్టు దాటనివ్వలేదు. కాల్చడం, నవ్వడం. మళ్ళీ మానేసి పోవడం.

"దీనికి రెండో బ్రేకు కావాలి" అన్నారు మాస్టారు.

ట్యాంకు పైన నాయకుడి సీటు ఒకటి ఖాళీగా ఉంది. పాతవాడొకడు అందులో కూర్చోవాలి. వాడికి ఒకే ఒక మీట, ట్యాంకుని ఆపేది. కొత్తవాడు గోతిలోకి పోతుంటే మెత్తగా ఆపాలి, అంతే. మేనకోడలు నాలుగు రోజుల్లో అది తయారుచేసి పాతవాళ్ళని అడిగింది. సేనాపతి కూర్చుంటే మేమూ కూర్చుంటాం అన్నారు అందరూ. సేనాపతి ఏమన్నాడంటే, "చేతకానివాడికి చెయ్యి పట్టుకుని నడిపించడానికి మేమేమైనా ఆయాలమా?"

నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులు.

పాతవాళ్ళ సాయం లేకపోతే పీడా పోయె, ఆ సీటు ఎలా పనిచేస్తుందో తానే చూపిస్తానని మాస్టారు ఇంట్లోనే మేనకోడలి కంప్యూటరు పెట్టించి, భార్యని దాని ముందు కూర్చోబెట్టారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, తల్లీ అనుకుని ట్యాంకు కదిలించింది. ఒక పొలం దాటింది. ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. రెండో పొలంలో చెట్టు ఎదురైంది. మాస్టారు మీట నొక్కారు, ట్యాంకు ఆగింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"అంత చెట్టు కనపడలేదా? కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి, తీగ చక్కగా చుట్టి బల్ల మీద పెట్టింది. "ఇరవైయెనిమిదేళ్ళ కిందట కారులో మూడు వీధులు. ఇవాళ ట్యాంకులో రెండు పొలాలు. మీకు బ్రేకు కాలికుంది గానీ నోటికి లేదండీ" అని, కాఫీ కలపడానికి వెళ్ళింది. కలిపిన కాఫీ మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చింది. ఆవిడ మంచితనం ఎప్పుడూ అలాగే ఉండేది, ఆయనకి తలెత్తే వీలివ్వకుండా.

మర్నాడు పొద్దున నూనె చుక్క వేశాక మాస్టారు తలుపు మూయలేదు. కారు తీసుకుని కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళారు. అప్పుడే షట్టరు ఎత్తుతున్న సేనాపతి ఆయన్ని చూసి చేతులు దులుపుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆట బయట వాడి గొంతు సగానికి సగం చిన్నది.

"మాస్టారూ, మీరా. ఎన్నాళ్ళయిందండీ. ఈ కారు ఇంకా ఉందా? దీంట్లోనేగా నేర్చుకున్నాను. నలభై రోజుల్లో ఒక్కసారి కూడా ఎక్కడా తగిలించలేదు, గుర్తుందా?"

"గుర్తుంది. ఎక్కు. ఇటు కాదు, నా సీట్లో."

అతను పక్కసీట్లో కూర్చున్నాడు. మాస్టారు తోలే సీట్లో కూర్చుని తలుపు వేశారు. ఇంజను స్టార్టు చెయ్యలేదు.

"నీ కాళ్ళ దగ్గరది నొక్కి చూడు."

అతను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "చప్పుడే లేదేంటండీ? ఇంత పాత బండికి."

"రోజూ పొద్దున్నే నూనె వేస్తాను. ముప్ఫైమూడేళ్ళుగా."

అతను వంగి చూశాడు. పెడలు మీది రబ్బరు అరిగి, కింది ఇనుము కూడా కాలివేళ్ళ మేర గుంట పడింది. వేలితో ఆ గుంట తడిమాడు.

"ఇది... నేను తోలేటప్పుడు కూడానా అండీ?"

మాస్టారు ఎదుటి అద్దం మీద మరకేదో తుడిచారు. "నువ్వు బాగానే తోలావు."

కొట్టు ముందు ఎవరో ముసలాయన వచ్చి, సగం ఎత్తిన షట్టరు చూసి, మెట్టు మీద కూర్చున్నాడు. సేనాపతి అటు చూడలేదు.

"ఆ షెడ్డులో చిక్కుకున్న తాతగారు మీరేనా?"

"నేనే. పడక్కుర్చీ బాగానే ఉంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అనడానికి మాస్టారి దగ్గర బోలెడన్ని ఉన్నాయి. ఎదురింటి మేస్త్రీకి దక్కినవాటికన్నా మంచివి. తలుపులు వేసి ఉన్నాయి గనక అన్నీ మింగేశారు.

"నిన్నొక సాయం అడగడానికి వచ్చాను. మా ఆవిడ ఇవాళ సాయంత్రం ఆరింటికి ట్యాంకు ఎక్కుతుంది. రెండో పొలంలో చెట్టుంది, అక్కడ కొంచెం తడబడుతుంది. ఊరందరికీ నేర్పాను గానీ ఆవిడ పక్కన కూర్చుంటే నా నోరు ఊరుకోదు. నువ్వు కూర్చోవాలి."

"నాకు తెలు..." అని, సేనాపతి ఆగిపోయాడు.

"నొక్కినట్టు ఆవిడకి తెలియనివ్వకు బాబూ" అన్నారు మాస్టారు.