నల్లబడిన తెర ముందు మా టీచరమ్మ

పోయిన మంగళవారం పొద్దున మగ్గం దగ్గర కూర్చోబోతుంటే ఫోను మోగింది. వనపర్తి నుంచి మా ఎదురింటి టీచరమ్మ తమ్ముడు. "అక్క పోయిందమ్మా," అన్నాడు. లోపలి గదిలో మా చెల్లెలు మంచం మీద ఉంది. చెబుదామని గడప దాకా వెళ్లాను. నేను నోరు విప్పేలోపే అదే అడిగింది: "టీచరమ్మనా, అక్కా?"

టీచరమ్మది అమరచింత. గద్వాలకు సైన్సు చెప్పడానికి వచ్చి, రిటైరయ్యాక కూడా మా వీధిలోనే ఒక్కరే ఉండిపోయారు. ఎనిమిదో తరగతిలో నాకు కరెంటు పాఠం చెప్పింది ఆమే. ఆ పాఠం ఒక్క ముక్క గుర్తు లేదు. ఎవరైనా తప్పు జవాబు చెబితే, "ఎట్ల అనుకున్నవ్ గట్ల?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగేవారు. అది మాత్రం గుర్తుంది.

మూడేళ్ల కిందట మల్దకల్ దారిలో బండి మీది నుంచి పడి మా చెల్లెలికి నడుం కింది భాగం చచ్చుబడింది. అప్పటికి దానికి ఇరవై రెండేళ్లు. రోజంతా గోడ వైపు తిరిగి పడుకునేది. హైదరాబాదులో ఉండే మా మేనమామ కొడుకు కొత్తది కొనుక్కుని, ఆటలాడే తన పాత కంప్యూటరు దానికి తెచ్చిచ్చాడు. అందులో కారు నడిపే ఆట ఉంది. ఆ ఆట మొదలయ్యాకే చెల్లెలు అన్నానికి పిలిస్తే పలకసాగింది. కొండ దారులు, వంతెనలు, పేరు తెలియని ఊళ్లు. రోజూ ఎక్కడెక్కడికో పోయొచ్చి నాకు చెప్పేది.

ఆర్నెల్లకు, కారు పోతుండగానే తెర నల్లబడడం మొదలైంది. బజారులో రిపేరు చేసే అతను వచ్చి చూసి, "మొత్తం మార్చుకోవాల్సిందే," అని వెళ్లిపోయాడు. చెల్లెలు మళ్లీ గోడ వైపు తిరిగింది.

సంగతి విని టీచరమ్మ స్క్రూడ్రైవరు, భూతద్దం పట్టుకుని వచ్చారు.

"ఇది నీకు వస్తదా టీచరమ్మా?" అంది అమ్మ.

"రాదు. చూస్తే తెలుస్తది గదా."

కానీ ముందు కంప్యూటరు డబ్బా విప్పలేదు. చెల్లెలి పక్కన కూర్చున్నారు.

"తెర నల్లగైనంక చప్పుడు వస్తుందా బిడ్డా?"

"వస్తది. కారు చప్పుడు ఆగదు."

"అంటే లోపల నడుస్తనే ఉంది. సినిమా చూస్తే గూడ గిట్లనే అయితదా?"

"లేదు. ఆటలనే."

"ఎంతసేపటికి?"

చెల్లెలు గడియారం ఎప్పుడూ చూడలేదు. "రేపటి సంది గడియారం చూసి రాయి. నేను గాదు, నువ్వే రాయాలె," అని కాగితం దాని చేతికిచ్చారు. మూడు రోజులు రాసింది. అన్నిసార్లూ పది నిమిషాలకు అటూ ఇటూ.

మొదట తెరకు పోయే తీగ మార్చి చూశారు. తేడా లేదు. తర్వాత డబ్బా తెరిస్తే, నా మగ్గం నూలు దుమ్మంతా లోపలి ఫ్యాన్లకు మందంగా పట్టి ఉంది. నేను తల దించుకున్నాను. "నీ తప్పేంది? పని చేసే ఇంట్ల దుమ్ము లేవదా?" అంటూ మెత్తటి బ్రష్షుతో రెక్క రెక్కా తుడిచారు. ఈసారి అరగంట నడిచింది. బాగైందనుకునే లోపే మళ్లీ నల్లబడింది. చెల్లెలు ఏడ్చేసింది.

"పరేషాన్ గాకు. పది నిమిషాలది అరగంట అయింది. ఇంకోటేదో ఉంది, దాన్ని గూడ చూద్దాం."

అప్పుడే చెల్లెలు, ఇంట్లో మేమెవరం పలకని మాట పలికింది. "నా కాళ్లు గూడ గిట్ల బాగైతయా టీచరమ్మా?"

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. టీచరమ్మ స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "నాకు తెల్వదు బిడ్డా. తెల్వంది తెలుసని నీకు చెప్ప." చాలాసేపు దాని చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. ఆ రోజు ఇంక డబ్బా జోలికి పోలేదు.

మర్నాడు మా మేనమామ కొడుకుతో ఫోనులో మాట్లాడుతూ, భూతద్దంతో లోపలంతా వెతికారు. తెర మీద బొమ్మ తెప్పించే కార్డుకు రెండు చోట్ల కరెంటు అందాలట. రెండింటికీ ఒకే తీగ చీల్చి పెట్టి ఉంది. ఒక కొన వదులై రంగు మారింది. "రెండు బాయి మోటార్లకు ఒక్కటే సన్న వైరు గుంజినట్టుంది. ఆటల జోరు పెరిగితే తట్టుకుంటదా?" అన్నారు. కంప్యూటరుతో వచ్చిన అట్టపెట్టెలో అదనపు తీగ దొరికింది. దేని తీగ దానికి పెట్టారు. చెల్లెలు నడిపింది. గంట దాటింది, రెండు గంటలు దాటాయి. తెర ఆరలేదు.

పని అయిపోయినా టీచరమ్మ రావడం మానలేదు. సాయంత్రమైతే చెల్లెలి పక్కన కుర్చీ వేసుకుని అది కారు నడుపుతుంటే చూసేవారు. ఈ వానాకాలంలో చిక్కిపోయారు. కడుపులో గడ్డ ఉందని, అది ముదిరిందని, ఆమే మాకు చెప్పారు. ఏదీ దాచలేదు.

వనపర్తికి, తమ్ముడింటికి వెళ్లిపోయే ముందు రోజు సాయంత్రం వచ్చారు. మెట్టెక్కడానికి నా భుజం పట్టుకున్నారు. "జర నన్ను గూడ నడపనియ్యవూ?" అన్నారు చెల్లెలితో. అన్నాళ్లలో ఎప్పుడూ అడగలేదు.

చెల్లెలు ఏ మీట ఎందుకో చూపించింది. టీచరమ్మ ఎంత నెమ్మదిగా నడిపారంటే, వెనకొచ్చిన బండ్లన్నీ దాటిపోయాయి. ఎర్ర దీపం పడ్డ ప్రతిచోటా ఆగారు. అలా పోయి పోయి దారి సముద్రం ఒడ్డుకు చేరింది.

"సముద్రం గిట్లనే ఉంటదా?"

"నేను గూడ చూడలే టీచరమ్మా."

ఇద్దరూ నవ్వుకున్నారు. టీచరమ్మ కారు ఇసుక మీదికి దింపి ఆపి, మీటల మీది నుంచి చేతులు తీసి ఒడిలో పెట్టుకున్నారు. అమ్మ చాయ్ చల్లారుతోందని పిలిచింది. ఎవరమూ లేవలేదు. తెర మీద అలలు కారు ముందు చక్రాల దాకా వచ్చి, తిరిగి పోతున్నాయి.