అంచు కొయ్యని పుస్తకం

పోయిన మంగళవారం, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో గదులు కిరాయికిచ్చే అక్క నా బైండింగ్ షాపుకొచ్చింది. లోపలికి రాలేదు. మెట్టు మీదే నిలబడి, "మన బొమ్మల పిల్ల ఇగ లేదంట అన్నా," అంది. "వాళ్లమ్మ మెసేజ్ పెట్టింది. నెల రోజుల సంది దవాఖానలనే ఉండెనట. మనకు ఒక్క ముక్క చెప్పలే."

అప్పుడు ఏదో రికార్డు పుస్తకం కుడుతున్నాను. సూది సగం కాగితంలోనే ఉండిపోయింది. "ఔనా," అన్నాను. ఆ రోజు నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. షాపు తెరుస్తాను, పని ముందేసుకుంటాను, మళ్లీ లేచి అబిడ్స్ దాకా నడిచి వస్తాను.

ఆ అమ్మాయిది జపాన్. ముప్పై నిండలేదు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేది. నాలుగేళ్ల కింద ఒక బడిలో మూడు వారాలు బొమ్మలు నేర్పడానికి వచ్చి, అక్క ఇంట్లో దిగింది. తర్వాత ప్రతి చలికాలం తనంతట తానే వచ్చేది. అక్కడ పొద్దున పూట బేకరీలో పని చేసేదట. పత్రికల్లో పేజీ మూలన వేసే చిన్న బొమ్మలు, మిఠాయి డబ్బాల మీది బొమ్మలు, ఏది దొరికితే అది వేసేది. సొంత పుస్తకం ఒకటి అచ్చు కావాలన్నదే ఆమె పట్టుదల.

మొదటిసారి ఖాళీ కాగితాల పుస్తకం కుట్టమని వచ్చింది. "తెలుగు వైపా, ఉర్దూ వైపా?" అని అడిగాను. ఇక్కడ అందరినీ అడిగే మాటే. కాసేపు ఆలోచించి, రెండు చేతులతో కుడి వైపు నుంచి తెరిచి చూపించింది. వాళ్ల పుస్తకాలూ అట్లాగే తెరుచుకుంటాయట. అప్పటి నుంచి వచ్చీరాని తెలుగులో "ఉర్దూ వైపు అన్నా" అంటూనే మెట్టెక్కేది.

మనుషుల ఎదుట కూర్చుని బొమ్మ వేయగా ఎప్పుడూ చూడలేదు. స్టేషన్ దగ్గర, ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గర తిరిగి తిరిగి వచ్చేది. నా షాపులో కాగితం కట్టల పక్కన స్టూలు మీద కూర్చుని, గుర్తున్నంత మేరకే వేసేది. గుర్తు లేనిది బొమ్మకు అక్కర్లేదు అనేది. ముందు కాళ్లు వేసేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"మొకం చూస్తే వాళ్లు నన్ను చూస్తరు. కాళ్లు చూస్తే ఎవ్వరు ఏమనరు."

ఎదురుగా చాయ్ అమ్మే ఆయన మాత్రం ఊరుకోలేదు. "ఏందమ్మా, గంతసేపు చూస్తున్నవ్, నా చెప్పులు కొంటవా?" అన్నాడు. "అమ్ముతవా?" అంది ఆమె, నవ్వకుండా. ఆయన చెప్పులు ఆమె మొదటి పుస్తకంలో ఉన్నాయి.

కాగితాలు మడిచి బొటనవేలంత పుస్తకం చేసి, "తిప్పు అన్నా," అని నా చేతికిచ్చేది. నేను తిప్పుతుంటే నా మొహం చూసేది కాదు, చెయ్యి చూసేది. చెయ్యి ఎక్కడ తడబడితే ఆ పేజీ చింపేసి మళ్లీ వేసేది. ఇంతమందిలో నేనే ఎందుకమ్మా అంటే, "నువ్వు బాగుంది అనవ్. గందుకే," అంది.

రెండో చలికాలం ఆ మొదటి పుస్తకం పూర్తయింది. ఒక ముసలాయన కుర్చీ నెత్తిన పెట్టుకుని, దాన్ని ఎవరికో తిరిగి ఇవ్వడానికి ఊరంతా నడుస్తాడు. ప్రతి పేజీలో ఆయన కాలి వేళ్లు కాగితం అంచును తాకుతుంటాయి. తిప్పితే అవతలి పేజీలో ఆ అడుగు పడుతుంది. ప్రచురించేవాళ్లకు చూపించడానికి దాన్ని కుట్టమని తెచ్చింది. "అంచు కొయ్యొద్దు అన్నా," అంది. తల ఊపాను.

బైండింగ్‌లో కుట్టు, జిగురు అయ్యాక మూడు వైపులా కోసి సమం చేస్తాం. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. చెయ్యి తనంతట తానే కోత మిషన్ దగ్గరికి పోయింది. ముసలాయన వేళ్లన్నీ తెగిపోయాయి. నడుస్తున్న మనిషి నిలబడిపోయాడు.

సాయంత్రం వచ్చి ఒక్కో పేజీ తిప్పింది. "కాగితం పొట్టిది వచ్చిందమ్మా," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. రోజూ పని రాసుకునే నా పుస్తకంలోనూ అదే రాశాను, కాగితం పొట్టి అని.

"ఔనా అన్నా, పొట్టిదా," అంది. అంతే.

రెండు రోజులు స్టూలు మీద కూర్చుని ఆ పేజీలన్నీ మళ్లీ వేసింది. ఈసారి నేను కొయ్యలేదు. కానీ అది చేరేసరికి ప్రచురించేవాళ్ల మీటింగు అయిపోయింది. వచ్చే ఏడాది చూస్తామన్నారట. ఆమె మళ్లీ బేకరీకి వెళ్లింది. అందరికీ ఏడాది అంటే ఏడాదే. ఆమెకు ఎన్ని ఏడాదులు మిగిలాయో నాకేం తెలుసు.

మూడో చలికాలం కొన్ని పేజీలు మార్చి కొత్త కాపీ తెచ్చింది. చుట్టూ రెండు వేళ్ల జాగా వదిలింది. పెన్సిల్‌తో సన్నని గీత గీసి, పక్కన వంకర తెలుగు అక్షరాల్లో రాసింది: "ఇక్కడి వరకే అన్నా." ఆమెకు అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "చాయ్ తాగుతవా అమ్మా," అన్నాను.

పోయిన చలికాలం అచ్చయిన పుస్తకం తెచ్చి ఇచ్చింది. చాయ్ ఆయన తన చెప్పులు చూసుకుని వీధంతా చూపించాడు. వెళ్లేరోజు రెండో పుస్తకం బొమ్మలు నా చేతిలో పెట్టి, "తొందర లేదు, మళ్లొచ్చినంక చూద్దాం," అంది. మళ్లీ వచ్చినప్పుడు చెబుదామని నేనూ అనుకున్నాను.

మొన్న అక్క మళ్లీ వచ్చింది. "వాళ్లమ్మ ఆ బొమ్మలు అడుగుతుంది అన్నా. జర కుట్టి ఇయ్యరాదూ."

కట్ట విప్పాను. ఒక ఆడమనిషి, స్టేషన్ మెట్లు, మళ్లీ అంచుల దాకా పాదాలు. చుట్టూ జాగా లేదు. పెన్సిల్ గీత లేదు. అన్ని పేజీలూ రెండుసార్లు వెతికాను.

ఉర్దూ వైపే కుట్టాను. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచాను. వెనక అట్ట లోపల పెన్సిల్‌తో చిన్నగా రాశాను: "కాగితం పొట్టిది కాదమ్మా. నేనే కోశాను." అక్కడ ఎవరికీ తెలుగు రాదు. అయినా రాశాను.

పార్సిల్ కట్టేముందు పుస్తకం నిలబెట్టి చూశాను. కొయ్యలేదు కాబట్టి అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఆఖరి కాగితం మిగతావాటి కంటే గోరంత బయటికి ఉంది. దాని చివర, లేవబోతున్న ఒక మడమ.