చేపల నీళ్లు

సీతారాములంటే ఎల్బీనగర్ లారీ అడ్డాల తెల్వనోళ్లు లేరు. ఆయన మా ఆయన. పోయినేడు పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మెత్తటి బంతి పిసుకుతుంటే చెయ్యి తిరిగొస్తదని డాక్టర్ చెప్పిండు. "నేనేమన్న చిన్నపిలగాన్నా?" అని బంతిని మంచం కిందికి ఇసిరికొట్టిండు. పొద్దంత చేపల తొట్టి ముందట కూసునుడే పని.

తొట్టి నీళ్లు మార్చే సామాను కోసం నేనే దిల్‌సుఖ్‌నగర్ పోయిన. షాపాయన మోటారు చూపెట్టిండు. "స్విచ్ ఏస్తే చాలమ్మా, చెయ్యి పెట్టే పనే లేదు."

"గందుకే వద్దు," అన్న. రబ్బరు బుడ్డి ఉన్న పైపు తీసుకున్న. ఆ బుడ్డి పిసికితేనే నీళ్లు దిగుతయ్.

ఇంటికొచ్చి, "నీ చేపలను నువ్వే చూసుకో, నాతోని కాదు" అని గదిమిన. కుడిచేత్తో పైపు పట్టుకోవాలె, ఇగ బుడ్డికి ఎడమ చెయ్యే దిక్కు. మొదట్ల నన్ను తిట్టుకుంట పిసికిండు. ఇప్పుడు రోజు పొద్దుగాల కొన్ని కొన్ని నీళ్లు తీస్తడు. నిన్న ఆ చేత్తోనే చాయ్ గిలాస పట్టుకున్నడు.

నీళ్లు వారానికోసారి మారిస్తే చాలని షాపాయన చెప్పిండు. ఆ ముచ్చట మా ఆయనకు నేనింకా చెప్పలే.