హోల్డ్‌లో పెట్టిన బెంచీ

2015 జూన్ మొదటి వారంలో నన్ను కరీంనగర్ ఎడిషన్‌కు జిల్లా డెస్క్ ఇన్‌ఛార్జిగా వేశారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని మండలాల నుంచి విలేకరులు పంపే వార్తలను దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీల్లో కూర్చే చోటు జిల్లా డెస్క్. నా కింద ఆరుగురు సబ్ ఎడిటర్లు ఉండేవారు. ఏ వార్త ఏ పేజీలో పడాలి, ఏది ఎంత తగ్గాలి, ఏది ఆగాలి అన్నది ఇన్‌ఛార్జి చేతిలో ఉంటుంది.

ఆగిన వార్తను మా భాషలో ‘హోల్డ్’ అంటారు. కంప్యూటర్‌లో దానికో ఫోల్డర్ ఉంటుంది. మూడు రోజులు అందులో ఉన్న వార్తను నాలుగో రోజు ఎవరూ తెరవరు. దాన్ని చంపేశామని కూడా ఎవరూ అనరు. స్థలం లేక ఆగిందంటారు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను కొన్ని వందల వార్తలు హోల్డ్‌లో పెట్టి ఉంటాను. వాటిలో ఒక్కటే పేరుతో సహా గుర్తుంది.

మా డెస్క్ వెనకే ముద్రణ యూనిట్. అచ్చుకు వాడే అల్యూమినియం ప్లేట్ల పెట్టెలు, ఇంకు డ్రమ్ములు, యంత్ర భాగాలు చెక్క ప్యాలెట్ల మీద దిగేవి. సరుకు నేలకు ఆనకుండా, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు కిందికి దూరేలా కొట్టిన చెక్క అరుగులు అవి. సరుకు దించాక వాటిని గోడవారన పడేస్తే వానకు నానేవి, ఎండకు బీటలిచ్చేవి. కొన్ని విదేశాల నుంచి వచ్చిన తెల్లటి దేవదారు చెక్కవి. ఆ చెక్క వాసన నన్ను పట్టుకుంది. యూనిట్ మేనేజర్‌ను అడిగి రెండు ఇంటికి తెచ్చుకున్నాను.

బెంచీ ఒకటి చేయడానికి ఆరు ఆదివారాలు పట్టింది. ప్యాలెట్‌కు కొట్టే మొలలు మెలి తిరిగి ఉంటాయి. సుత్తితో పీకితే మొల రాదు, చెక్క చీలుతుంది. నేను మొదటి ప్యాలెట్‌లో సగం పలకలు అలా చీల్చుకున్నాను. చివరికి బెంచీ నిలబడింది. నిలబడింది కానీ ఊగేది. పొడుగు కాలు కోస్తే మరో కాలు పొడుగయ్యేది. మా ఆవిడ విమల దాని మీద ఒకసారి కూర్చుని, వెంటనే లేచింది.

“మీ బెంచి మీద కూసుంటే గోదారిల పడవెక్కినట్టే ఉంది. చుట్టాలస్తే మాత్రం కుర్చీలు ఎయ్యుండ్రి” అంది.

నాకు మాత్రం అది గొప్ప వస్తువు. మిగిలిన పలకలతో పెరట్లో ఒక పెట్టె చేసి, మట్టి నింపి, పుదీనా పెట్టించాను. రెండింటినీ ఫొటో తీసి, పారేసే చెక్కతో ఇంటి సామాను చేసుకోవడం మీద ఓ వ్యాసం రాసి, హైదరాబాద్‌లోని మా ఆదివారం అనుబంధానికి పంపాను. డెస్క్‌లో కూర్చునేవాడికి ఇతరుల పేర్లు అచ్చులో చూడటమే ఎక్కువ. నా పేరు నా బెంచీతో సహా వస్తుందని రెండు వారాలు ఎదురుచూశాను.

అప్పుడే, ఆగస్టులో ఒక బుధవారం, శ్రీరాంపూర్ విలేకరి యూసుఫ్ నుంచి ఒక వార్త, మూడు ఫొటోలు వచ్చాయి. యూసుఫ్‌కు సెల్‌ఫోన్ల దుకాణం ఉండేది. విలేకరి పని దాని పక్కన చేసేవాడు. వార్త సారాంశం ఇది. సామేలు అనే రిటైరైన గని కార్మికుడు ప్యాలెట్ చెక్కతో బెంచీలు చేస్తున్నాడు. తమ కాలనీ బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు నేల మీద కూర్చుంటున్నారు, వాళ్లకు ఉచితంగా చేసిస్తానంటున్నాడు. గనికి యంత్రాలు తెచ్చిన ఒక కాంట్రాక్టరు యార్డులో అరవై దాకా ప్యాలెట్లు పడి ఉన్నాయి. కాంట్రాక్టు ముగిసింది, శనివారం పొద్దున అవి ఇటుక బట్టీకి పోతున్నాయి. యార్డు సూపర్‌వైజర్ మంచివాడే. పేపర్లో వస్తే కటింగు పై వాళ్లకు చూపించి బడికి ఇప్పిస్తానన్నాడు.

అంటే వార్త గురువారమైనా, కనీసం శుక్రవారమైనా పేపర్లో పడాలి. రెండో పేరాలోనే ఆ సంగతి ఉంది. నేను చదివాను. చదవలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

తర్వాత ఫొటోలు తెరిచాను. మొదటి దానిలో సామేలు తన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పక్కన నలుగురు పిల్లలు. నేను పిల్లల్ని చూడలేదు. బెంచీ కాళ్లు చూశాను. ఫొటోను పెద్దది చేశాను. ఒక్క మొల లేదు. అడ్డకర్ర కొస కాలులోంచి బయటికి వచ్చింది, ఆ కొసకు తొలిచిన రంధ్రంలో ఏటవాలుగా చెక్కిన చిన్న చెక్కముక్క దిగి ఉంది. దాన్ని గనిలో వెడ్జి అంటారని యూసుఫ్ రాశాడు. సామేలు ఇరవై ఆరేళ్లు టింబర్‌మన్‌గా చేశాడట. భూగర్భంలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, పైన సందులో వెడ్జి కొట్టి బిగించడం టింబర్‌మన్ పని. కప్పు బరువు దిగే కొద్దీ వెడ్జి బిగుస్తుంది. బెంచీ కూడా అంతే, మనిషి కూర్చున్న కొద్దీ గట్టిపడుతుందని ఆయన చెప్పిన మాట.

ఆరు ఆదివారాలు నేను వెతికింది ఆ చెక్కముక్క. దాన్ని నేను కనిపెట్టలేకపోయాను. పేపర్ చదవడం కూడా సరిగా రాని మనిషి కనిపెట్టాడని ఆ క్షణాన నాలో నేను అనుకున్న మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది. ఈ ఫొటో ముందు పడితే, ఆదివారం పడే నా బెంచీని ఎవరు చూస్తారు అన్నది రెండో ఆలోచన.

డెస్క్‌లో వార్తను ఆపడానికి ‘ఆపండి’ అని చెప్పనక్కర్లేదు. ఒక ప్రశ్న వేస్తే చాలు. యూసుఫ్‌కు ఫోన్ చేసి ఫొటో మసకగా ఉంది, మళ్లీ తీయమన్నాను.

“సార్, మొన్ననే కొన్న ఫోన్‌తోని తీసిన. మంచిగనే ఉన్నయి గద?”

“వెలుతురు చాల్లేదు” అన్నాను.

గంటలో వేరే ఫొటోలు పంపాడు. వాటిలో బెంచీ ఇంకా బాగుంది. గురువారం ఇంకో ప్రశ్న వేశాను. బడి హెడ్మాస్టరు మాట ఏది? నిజానికి అంత చిన్న వార్తకు అది అవసరం లేదు. అయినా సాయంత్రానికల్లా యూసుఫ్ హెడ్ మేడమ్ దగ్గరికి పోయి రెండు వాక్యాలు తెచ్చాడు. అప్పటికే మా సబ్ ఎడిటర్ స్వప్న శుక్రవారం పేజీలో దానికి మూడు కాలమ్‌ల బాక్సు కట్టి, ‘చెక్క సామేలు, చక్కని బెంచీ’ అని శీర్షిక కూడా పెట్టింది. పేజీ నా ముందుకు వచ్చింది. బాక్సు తీసేసి, చొప్పదండి దగ్గర ఎవరి పెరట్లోనో కాసిన నాలుగడుగుల ఆనపకాయ ఫొటో పెట్టమన్నాను.

స్వప్న నా మొహం వైపు చూసింది. “సార్, ఆనపకాయ రేపటికి గూడ గంతే ఉంటది. ఇది ఉండదు.”

“స్థలం లేదమ్మా” అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ స్థలం మా ఇద్దరి ఎదురుగానే తెరమీద ఉంది.

శుక్రవారం పేపర్ చూసుకుని యూసుఫ్ ఫోన్ చేశాడు. కోపంగా మాట్లాడలేదు. విలేకరులు డెస్క్‌తో కోపంగా మాట్లాడరు. “సార్, రేపు పొద్దుగాల లారీ అస్తుందట. సామేలు మామ పరేషాన్ అయితుండు. జర చూడుండ్రి సార్” అన్నాడు. చూస్తానన్నాను. వార్తను శనివారం పేజీకి కాకుండా ఆదివారం పేజీకి విడుదల చేశాను. దానికి సరైన కారణం ఇప్పటికీ నా దగ్గర లేదు. పూర్తిగా చంపితే తప్పు, కాస్త ఆలస్యమైతే కాదు అనుకున్నానేమో.

శనివారం లారీ వచ్చి వెళ్లింది. ఆదివారం వార్త వచ్చింది. హెడ్ మేడమ్ సంతోషంగా పేపర్ పట్టుకుని యార్డుకు పోతే, వాచ్‌మన్ ఖాళీ నేల చూపించాడు.

సోమవారం ఉదయం బస్సెక్కాను. ఫాలోఅప్ కోసమని డెస్క్‌లో చెప్పాను. వచ్చిన వార్త తర్వాత ఏమైందో మళ్లీ రాయడాన్ని ఫాలోఅప్ అంటారు. ఇన్‌ఛార్జి స్వయంగా ఫాలోఅప్‌కు పోవడం ఎక్కడా లేదు. శ్రీరాంపూర్‌లో యూసుఫ్ బైక్ మీద ఎక్కించుకుని సామేలు ఇంటికి తీసుకుపోయాడు. దారిలో ఒక్క మాట చెప్పాడు. “సార్, మామ నాతోని మాట్లాడుతలేడు. మీరు మాట్లాడుండ్రి.”

సామేలు ఇంటి ముందు టమాటా మొక్కలకు మూడంతస్తుల చెక్క మెట్లు, మేకలకు ఎత్తైన అరుగు, దండెం కర్రలు. అన్నీ ప్యాలెట్ చెక్కే. మేకల అరుగు నా బెంచీ కంటే నిటారుగా ఉంది. తప్పు చేసి వచ్చిన మనిషిని, అయినా నా చూపు ఏ కాలైనా వంకర ఉందేమోనని వెతుకుతూనే ఉంది. దొరకలేదు.

సామేలు భార్య రూతమ్మ ఛాయ్ తెచ్చింది. నేను కూడా ఈ పని చేస్తానని చెప్పి ఫోన్‌లో నా బెంచీ చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు, మెచ్చుకుంటాడనే ఆశ ఉండి ఉండాలి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మొలలు పీకిన్రా సార్? పీకద్దు. రెండు చెక్కల నడుమ ఆక్సా బ్లేడు పెట్టి మొలనే కొయ్యాలె. గప్పుడు చెక్క పలగది.” తర్వాతి ఫొటో జరిపాడు. అది పుదీనా పెట్టె. ఆయన వేలు పెట్టె అంచు మీద ఆగింది. “గీ ముద్ర చూసిన్రా? ఎం.బి. అని ఉంది. గది మందు పొగ పెట్టిన చెక్క. హెచ్.టి. అని ఉంటే వేడి పెట్టింది, ఫికర్ లేదు. మా స్టోర్ల సారు చెప్పిండు. గీ పెట్టెల పుదీన తింటున్రా?”

తింటున్నామన్నాను.

“ఇగ తినకుండ్రి” అన్నాడు మెల్లగా.

రెండు నెలలుగా ఆ ముద్ర రోజూ చూస్తున్నాను. అక్షరాలు దిద్దడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, ఆ రెండు అక్షరాలు ఎందుకున్నాయని ఒక్కసారీ అనుకోలేదు. ఛాయ్ గ్లాసు పక్కన పెట్టాను.

అప్పుడు సామేలు యూసుఫ్ వైపు చూడకుండా నన్నే అడిగాడు. “ఒక్క మాట సార్. మా వార్త మీకు ఎప్పుడు ముట్టింది? గీ పోరడు శుక్కురారం పంపిన అంటుండు. ఆల్సెం చేసిన మామా, తప్పు నాదే అంటుండు.”

యూసుఫ్ నేల చూపులు చూస్తున్నాడు. అతనెందుకు అలా చెప్పాడో నాకు వెంటనే అర్థమైంది. డెస్క్ ఆపిందని ఊళ్లో చెబితే, ఆ మాట డెస్క్‌కు చేరితే, మర్నాటి నుంచి అతని వార్తలన్నీ హోల్డ్‌లోనే ఉంటాయి. ఆ భయం మా లాంటి వాళ్లు పెంచిందే.

“బుధవారం ముట్టింది” అన్నాను.

సామేలు యూసుఫ్ వైపు తిరిగాడు. “ఏందిరా? ఊకెనే నా నోట తిట్లు తింటివి గదరా మూడొద్దులు?”

“ఇప్పుడేమాయె మామా. ఛాయ్ చల్లారుతుంది, తాగు” అన్నాడు యూసుఫ్.

సామేలు తాగలేదు. “మరి ఎందుకాపిన్రు సార్?”

స్థలం లేదని, ప్రకటనలు వచ్చాయని చెప్పవచ్చు. అవి నోటి చివరే ఉంటాయి మా వృత్తిలో. ఆయన చేతిలో ఇంకా నా ఫోన్ ఉంది, తెరమీద నా బెంచీ ఉంది. “నీ బెంచీ నా దాని కంటే బాగుంది” అన్నాను.

ఆయన నవ్వుతాడనుకున్నాను. “గా ఒక్కదానికా?” అన్నాడు.

రూతమ్మ గుమ్మంలోంచి కదలకుండా అంది. “పిల్లలు బండల మీదనే కూసుంటున్రు సార్. వానకాలం.”

ఆ వారంలోనే మా యూనిట్ మేనేజర్‌తో మాట్లాడి, గోడవారన పడి ఉన్న ప్యాలెట్లను బడికి ఇప్పించాను. సామేలు వచ్చి ఒక్కొక్కటే తిప్పి చూసి, ఎం.బి. ముద్ర ఉన్నవన్నీ పక్కన పెట్టించాడు. మిగిలిన వాటితో ఒకటో తరగతికి బెంచీలు అయ్యాయి. రెండో తరగతికి చాలలేదు. ఆ పిల్లలు ఆ ఏడాది నేల మీదే కూర్చున్నారు. శనివారం లారీ రాకముందు కాంట్రాక్టరు యార్డులో రెండు తరగతులకూ సరిపడా చెక్క ఉండేది.

నా వ్యాసం వెనక్కి తీసుకుంటానని ఆదివారం అనుబంధానికి ఫోన్ చేశాను. వాళ్లు దాన్ని వాడే ఆలోచనలోనే లేరు. ఫొటోలో బెంచీ ఒక పక్కకు ఒరిగినట్టుందని చెప్పారు. పుదీనా పెట్టెను విమల పగలగొట్టించింది.

కరీంనగర్‌లో ఆ తర్వాత నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. ఆ నాలుగేళ్లూ రెండు పద్ధతులు పాటించాను. గడువు తేదీ ఉన్న వార్తను హోల్డ్‌లో పెట్టాలంటే ఇద్దరు సబ్ ఎడిటర్లు ఒప్పుకోవాలి. చెక్కపని మీద ఏ వార్త వచ్చినా నేను తెరవకుండా స్వప్నకు ఇచ్చేవాణ్ణి. ఆమె కారణం అడగలేదు. సామేలు మా క్యాంటీన్‌కు ఒక బెంచీ చేసి పంపాడు. అందరూ దాని మీద కూర్చునేవారు. నేను పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాణ్ణి.

ఈర్ష్య పోలేదు, పోవాలని నేను ఎదురుచూడనూ లేదు. వార్తను ఆపడానికి డెస్క్‌లో కారణం ఎప్పుడూ దొరుకుతుంది. కారణం మరీ తొందరగా దొరికితే, ఆ వార్త మీద నిర్ణయం తీసుకోవలసినవాణ్ణి నేను కాదని ఆ ఆగస్టులో తెలుసుకున్నాను.