సవరణకు సవరణ

ఇప్పటిదాకా నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంగ్లీషులో అడిగాను. మా అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక రిటైర్డ్ జర్మన్ ఆయన్ని బతిమాలి జర్మన్‌లో కూడా అడిగించాను. పార్సిప్పనీ ఆఫీసు రిసెప్షన్లో కూర్చుని అడిగాను. "మీ విషయం సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు. ఆ విభాగం ఎక్కడుందో, అందులో మనుషులున్నారో లేదో నాకు తెలియదు. అందుకని ఇక తెలుగులో రాస్తున్నాను. ఆ కంపెనీ కంప్యూటర్ల ముందు ఈ రోజుకీ మనవాళ్లే కూర్చుని ఉంటారు. ఎవరో ఒకరు ఇది చదివి, లేచి పక్క గదిలోకి వెళ్లి చెబుతారని ఆశ.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక దినపత్రికలో అరచేయంత చోటు. చుట్టూ నల్ల గీత. లోపల నా స్నేహితుడి పేరు.

అది ఒక జర్మన్ కుటుంబం నడిపే పత్రికల సంస్థ. ఒక చిన్న ఊళ్లో దినపత్రికతో మొదలైంది. తర్వాత వంటల పత్రికలు, గళ్ల నుడికట్టు పుస్తకాలు, ఆడవాళ్ల వారపత్రికలు వచ్చి చేరాయి. అమెరికాలో సూపర్‌మార్కెట్లో బిల్లు వేయించుకునే చోట, చూయింగ్ గమ్ పైవరసలో కనిపించే వారపత్రికల్లో కొన్ని వాళ్లవే. ఆ పత్రికల అమెరికా ఆఫీసు పార్సిప్పనీలో ఉండేది. రెండువేల మూడు మొదట్లో నేనూ అతనూ కొద్ది వారాల తేడాతో అందులో చేరాం. 'చేరాం' అన్న మాటకి అక్కడివాళ్లు ఒప్పుకోరు. మేం కన్సల్టెంట్లం. కుర్చీ వాళ్లది, పని వాళ్లది, మెడలో వేలాడే బ్యాడ్జ్ వాళ్లది. జీతం మాత్రం వేరే కంపెనీది. అందుకని మేం వాళ్లవాళ్లం కాదు.

కాదన్న సంగతి మర్చిపోకుండా చూసేవారు. డిసెంబర్లో జర్మనీ నుంచి ఎండుద్రాక్ష వేసి, పైన పంచదార పొడి చల్లిన రొట్టెలు డబ్బాల్లో వచ్చేవి. ఉద్యోగుల బల్లల మీద ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చి, మా రెండు బల్లలు దాటి ముందుకు వెళ్లేవారు. నాకు ఆ రొట్టె రుచి పడదు, అది వేరే సంగతి. ఒకసారి అందరినీ మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీస్తూ, మమ్మల్ని పిలిచి కెమెరా చేతికిచ్చారు. అవేవీ నేను మర్చిపోలేదు. అతను అక్కడికక్కడే మర్చిపోయేవాడు.

"గా రొట్టె కోసం మొఖం మాడ్చుకుంటవేందన్నా? పా, ఇండియన్ స్టోర్ల కేక్ కొనిస్త."

"కేకు కోసం కాదురా. దాటి వెళ్లడం గురించి."

"దాటిపోనీ. మనం గూడ గా ఆఫీస్ దాటి రోజు ఇంటికి పోతలేమా?"

అతనిది కరీంనగర్ వైపు, మాది గుంటూరు. పక్కపక్క బిల్డింగుల్లో ఉండేవాళ్లం. ఒక వారం నా కారు, ఒక వారం అతని కారు. నేను తిట్టుకుంటూ డ్రైవ్ చేసేవాణ్ణి, అతను పాటలు పెట్టుకుని డ్రైవ్ చేసేవాడు.

ఆ కుటుంబంలో మూడోతరం మనిషి, సంస్థకి యజమానురాలు, డెబ్బై దాటిన పెద్దావిడ, ఏటా ఆకులు రంగు మారే రోజుల్లో జర్మనీ నుంచి వచ్చేది. వచ్చిన రోజు ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి చెయ్యి కలిపేది. మా బల్లలు దాటి వెళ్లని మనిషి ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే.

వాళ్ల ఊరి దినపత్రిక నాలుగైదు రోజులు ఆలస్యంగా మా ఆఫీసుకి వచ్చేది. దాన్ని పొడవాటి కర్రకి బిగించి రిసెప్షన్లో గోడకి తగిలించేవారు. లోపలి పేజీల్లో నల్ల గీతల పెట్టెలు ఉండేవి. మన పేపర్లలో శ్రద్ధాంజలి ప్రకటనల్లాంటివే. అయితే మన దగ్గర అవి ఇంటివాళ్లు వేయించుకుంటారు. అక్కడ పనిచేసిన సంస్థ కూడా విడిగా ఒకటి వేస్తుంది. ఫలానా మనిషి ఇన్నేళ్లు మాతో పనిచేశాడు, మేం అతన్ని మర్చిపోము, అని యజమాని కుటుంబం పేరూ తోటి పనివాళ్ల పేరూ కింద పెట్టి వేస్తుంది. ప్రింటింగ్ హాల్లో పనిచేసినవాడికీ, తెల్లారి పేపర్లు పంచినవాడికీ అదే సైజు పెట్టె. "మా ఇంట్లో పనిచేసిన మనిషి చెప్పకుండా వెళ్లకూడదు, మేం చెప్పకుండా పంపకూడదు" అని పెద్దావిడ అనేది.

ఆ ప్రకటనలు పేజీలో అమర్చే ప్రోగ్రాం రాసింది నా స్నేహితుడే. సంస్థ పత్రికలన్నిటికీ ఒకే ప్రోగ్రాం ఉండాలని నిర్ణయించి ఆ పని మా ఆఫీసుకి ఇచ్చారు. ఆవిడ వచ్చిన ఒక ఏడు అతను దాన్ని ఆమెకి చూపించాడు. జర్మన్ పద్ధతిలో పుట్టిన తేదీ ముందు నక్షత్రం, పోయిన తేదీ ముందు శిలువ. శిలువ వద్దనుకునేవాళ్ల సంగతేమిటని అతను అడిగాడు.

"నీకైతే ఏం కావాలి?" అంది ఆమె.

"దీపం" అన్నాడు.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని, స్క్రీన్ వైపు వంగి, "పెట్టు. చిన్నదిగా పెట్టు" అంది.

ఆ రోజు సాయంత్రం కార్లో అతని సంతోషం చూడాలి. "ఫస్ట్ దీపం ఎవరికి పడ్తదో అన్నా."

"నోర్ముయ్. ఏం మాటలవి?"

"అరే, టెస్టింగ్ చెయ్యాలె గద!"

అదే రోజు ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. సంస్థలో పదేళ్లు, ఇరవై ఏళ్లు పూర్తయినవాళ్ల ఫోటోలు ఏటా శరత్తులో పత్రికలో ఒక పేజీ నిండా వేస్తారు. ఆ పేజీనీ ఇతని ప్రోగ్రామే తయారుచెయ్యాలి. ఆ జాబితాలో ఎవరెవరు రావాలని అతను అడిగితే, "రోజూ మా తలుపు తీసుకుని లోపలికి వచ్చేవాళ్లంతా. జీతం ఎవరిస్తున్నారని మా నాన్న ఎప్పుడూ లెక్క చూడలేదు" అంది. నేను పక్కనే ఉన్నాను. అతను ఆ మాట ప్రకారమే రాశాడు. ఎవరి పేరు మీద బ్యాడ్జ్ పనిచేస్తూ ఉంటే వాళ్లు జాబితాలో ఉంటారు.

కొన్నాళ్లకి పెద్దావిడ రావడం మానేసింది. ఆరోగ్యం బాగాలేదన్నారు. మనవడు పగ్గాలు తీసుకున్నాడు.

రెండువేల పదమూడు ఫిబ్రవరిలో, అతని కారు వంతు వచ్చిన వారం, పొద్దున నేను కిందికి దిగేసరికి కారు మీద మంచు సగం తుడిచి ఉంది. ఇంజన్ ఆన్‌లో ఉంది. లోపల పాట వస్తోంది. అతను రెండు కార్ల మధ్య పడి ఉన్నాడు. మంచు తుడిచే బ్రష్ చేతిలోనే ఉంది. అంబులెన్స్ వచ్చింది, వాళ్లు చెయ్యాల్సిందంతా చేశారు. గుండె అప్పటికే ఆగిపోయిందని హాస్పిటల్లో చెప్పారు. అతనికి నలభై ఒకటి. కూతురికి ఎనిమిదేళ్లు.

ఆఫీసు నుంచి పూలు వచ్చాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచి పూలే. కర్మకాండ అయ్యాక నేను ఆఫీసుకి వెళ్లి, ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజర్ని కలిసి, నల్ల పెట్టె ఎప్పుడు వేస్తారని అడిగాను.

"అయ్యో, అది ఉద్యోగులకి కదా. ఆయన మా ఉద్యోగి కాదు" అంది మెత్తగా.

"మీ పెద్దావిడ అలా అనలేదు."

"చూడండి, ఇవాళ ఇది వేస్తే రేపు క్లీనింగ్ కంపెనీవాళ్లు కూడా అడుగుతారు."

"అడగనివ్వండి. వాళ్లూ పోతారు కదా ఒకరోజు."

ఆమె ఏదో రాసుకుంది. నన్ను మళ్లీ పిలవలేదు. నేను వారం వారం వెళ్లి అడిగాను. అడిగినప్పుడల్లా ఆమె ముఖంలో మెత్తదనం ఇంకాస్త తగ్గింది.

ఆ శరత్తులో ఒక మధ్యాహ్నం రిసెప్షన్లో కర్రకి బిగించిన పేపరు తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగాను. పదేళ్లు పూర్తిచేసినవాళ్ల పేజీలో అతను ఉన్నాడు. బ్యాడ్జ్ మీది ఫోటో. నీలం చొక్కా, సరిగా దువ్వని జుట్టు, ఏదో జోక్ చెప్పబోతున్నట్టు సగం తెరిచిన నోరు. కింద పేరు, ఊరు, అభినందనలు. నేను ఆ పేజీలో లేను; మధ్యలో బ్యాడ్జ్ పారేసుకుని కొత్తది తీసుకోవడంతో నా లెక్క మళ్లీ మొదలైంది. అతని బ్యాడ్జ్ ఎవరూ వెనక్కి అడగలేదు. కూతురు దాన్ని స్కూల్ బ్యాగ్‌కి తగిలించుకుని తిరుగుతోంది. ప్రోగ్రాం దృష్టిలో అతను ఇంకా రోజూ తలుపు తీసుకుని వస్తున్నాడు.

నేను మాత్రం వీళ్లకి మనసొచ్చిందనుకున్నాను. పేపరు కర్రతో సహా పట్టుకెళ్లి మేనేజర్ ముందు పెట్టి, "థాంక్స్. ఇక నల్ల పెట్టె కూడా వేసేయండి" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. ఆమె ఆ పేజీ చూడలేదు. ఎవరూ చూడలేదు. నేను చూపించకపోయి ఉంటే ఆ సంగతి అక్కడితో పోయేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను. ఆ పేజీలో తప్పే లేదు, చూపించడంలో తప్పెలా ఉంటుంది?

ఆ పత్రికకి ఒక గొప్ప అలవాటు ఉంది. అచ్చులో పొరపాటు దొర్లితే, అది చిన్న దుకాణం అడ్రసైనా సరే, రెండో పేజీలో సవరణ వేస్తారు. నా స్నేహితుడి గురించి కూడా వేశారు. నేను ఆ పేపరు ఇంటికి తెచ్చి మా జర్మన్ పొరుగాయనకి ఇచ్చాను. ఆయన ఒకసారి చదివి, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాడు. పదేళ్ల సేవ పూర్తిచేసినవారిలో ఫలానా పేరు పొరపాటున వచ్చిందట. ఆ పేరుగల వ్యక్తి సంస్థలో ఎన్నడూ ఉద్యోగి కాదట. పాఠకులు మన్నించాలట.

అతను పోయాడన్న మాట అందులో లేదు. పోయాడని రాయడానికి కూడా ఆ ఇంటి మనిషి అయి ఉండాలేమో.

ఆ మరుసటి ఏడు మనవడు న్యూయార్క్ వచ్చినప్పుడు ఒక హోటల్ లాబీలో అతన్ని పట్టుకున్నాను. మర్యాదస్థుడు. నిలబడి విన్నాడు. పెద్దావిడ చెప్పిన మాటలు చెప్పాను.

"మా నానమ్మ చాలా దయగల మనిషి" అన్నాడు, అదేదో ఆమెకున్న జబ్బు అన్నట్టు. చూస్తానని నా భుజం తట్టి వెళ్లాడు. తర్వాత నా కాంట్రాక్టు రెన్యూ కాలేదు. దానికీ కారణం అడిగాను. దానికీ జవాబు లేదు.

అతని భార్య నన్ను ఎన్నోసార్లు వారించింది. "ఇడిచిపెట్టన్నా. ఆయనుంటే నవ్వి ఊకుంటుండె." నిజమే, అతను నవ్వేసేవాడే. ఆమె కోసమైనా ఆపేద్దామని కొన్నాళ్లు అనుకున్నాను.

ఈ ఏడు వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. పిల్ల లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుంది.

"అంకుల్, నాన్న నేమ్ సర్చ్ చేశాను. ఒక్కటే వచ్చింది. జర్మన్‌లో ఉంది. ట్రాన్స్‌లేట్ చేశాను."

ఫోటోలున్న పేజీని ఇంటర్నెట్ నుంచి తీసేశారు. సవరణని ఉంచారు.

"నాన్న అక్కడ వర్క్ చేయలేదు అని ఉంది. ఎవ్రీ డే వెళ్లాడు కదా? మరి ఎక్కడికి వెళ్లాడు? నాన్న మనకి లై చెప్పాడా?"

"లేదమ్మా. నేను పక్క సీట్లో ఉన్నాను కదా."

"మీరు చెప్తున్నారు. బట్ న్యూస్‌పేపర్ అలా అంటోంది."

వంటింటి గుమ్మంలో వాళ్లమ్మ టీ గ్లాసులతో నిలబడిపోయింది. వచ్చి గ్లాసులు బల్ల మీద పెట్టింది. నేను వెళ్లేటప్పుడు కారు దాకా వచ్చి, నా వైపు చూడకుండా, "ఇగ ఇడువకన్నా" అంది.

అందుకే వదలడం లేదు.

నేను ఇందులో అతని పేరు రాయలేదు. పెద్దావిడ పేరూ, పత్రిక పేరూ కూడా రాయలేదు. ఇక ఈ మాటలు ఆ పత్రిక ఇంటివాళ్లకి. అతని పేరుని అచ్చులోంచి కొట్టేసింది మీరు. మళ్లీ అచ్చు వేయాల్సింది కూడా మీరే. నేను ఇక్కడ వేసేస్తే మీకు పని తప్పిపోతుంది.

పొరపాటు జరిగితే దిద్దుకోవడం మీ ఇంటి అలవాటని మీరే చెప్పుకుంటారు. ఆ సవరణ పొరపాటు. దాన్ని దిద్దండి. అతను మీ తలుపు తీసుకుని పదేళ్లు లోపలికి వచ్చాడని రాయండి. చుట్టూ నల్ల గీత వేయండి, కింద మీ కుటుంబం పేరు పెట్టండి. దీపం కోసం ఎక్కడా వెతకక్కర్లేదు, మీ ప్రోగ్రాంలోనే ఉంది. ఆఫీసులో నా చివరి రోజున తెరిచి చూశాను. చిన్నదిగానే పెట్టాడు. అప్పటిదాకా ఎవరూ వాడలేదు.

వేస్తారా, వేయరా? వేయనంటే ఆ పిల్లకి ఎందుకో మీరే చెప్పాలి, నేను చెప్పను. నాకు భుజం తట్టనక్కర్లేదు, ఏ విభాగానికీ పంపనక్కర్లేదు. ఎవరో ఒకరు జవాబు చెప్పండి.