పద్నాలుగో పేజీలోని గొర్రెలు

బస్సు మార్కాపురం దాటాక యశోద తన పుస్తకం తెరిచింది. పద్నాలుగో పేజీకి వచ్చేసరికి ఆగి, ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివింది.

తర్లుపాడులో గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, బడిపిల్లల మనసుల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి ఆమె. మండలానికొక కౌన్సెలర్‌ను వేయండని పదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆమె పోరు పడలేక చివరికి ఒక కమిటీలో కుర్చీ వేసి, టీచర్ల కోసం ఈ పుస్తకం రాయించారు. ఆ కుర్చీలో కూర్చున్నాక, పుట్టింటి దొడ్లో నేర్చుకున్నది మరిచిపోయింది.

ఆ పేజీలో ఉన్నది తొమ్మిదో తరగతి గోపిక సంగతి. శనివారాలు యశోద ఆ బడికి పోయి పిల్లలతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడేటప్పుడు చెప్పుకున్నది. పుల్లలచెరువు వైపు పిల్ల. పోయినేడు సెలవు రోజున మంద తోలుకుపోయి పుస్తకంలో మునిగిపోయింది. గొర్రెలు వానల్లేక వాడిన లేత జొన్నలో పడ్డాయి. అది విషం. గబగబా తోలుకొస్తుంటే, చిన్నాయన శ్రీను చేను పక్కన పదకొండు పడి చచ్చాయి. తమ్ముడే మందు పెట్టాడని నాయన పోలయ్య తేల్చేశాడు. అన్నదమ్ములకు అప్పటినుంచి మాటల్లేవు.

"నాయనకు తెలిస్తే బడి మాన్పిస్తాడు మేడం. పుస్తకమే గదా గొర్రెల్ని చంపింది" అని ఏడ్చింది గోపిక. ఎవరికీ చెప్పనని యశోద చేతిలో చెయ్యేసింది.

రాసేటప్పుడు పేరు మార్చింది, ఊరు తీసేసింది. పిల్ల అన్న ఒక్క మాట మాత్రం బాగుందని ఉంచేసింది: "మా గొర్రెలకు ఎడమ చెవిన రెండు కోతలు, కుడి చెవికి కొన ఉండదు. నాకూ అట్లాంటి గుర్తే పడింది, కనపడదంతే." ఏ కోత ఎవరి మందదో ఆ చుట్టుపక్కల పసిపిల్లలనడిగినా చెబుతారని ఇప్పుడు, బస్సులో తట్టింది.

ఈరోజు ఆ బళ్లోనే తల్లిదండ్రుల మీటింగు. హెడ్మాస్టరు కోటేశ్వరరావు ఆ పుస్తకం చదివి వినిపిస్తానన్నాడు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు.

"అన్నా, కొంచెం తొందరగా పోనీయన్నా."

"ఏందక్కా, బస్సుకు రెక్కలు కట్టమంటావా?" అన్నాడు డ్రైవరు.

బడి గేటు దగ్గరికి వచ్చేసరికి మైకులో 'కుడి చెవికి కొన ఉండదు' అని వినపడింది.

పోలయ్య లేచి నిలబడ్డాడు. "సారూ, ఆ చెవుల ముక్క మళ్లొకసారి చదువు."

"మంద మేపమంటే పుస్తకం మేసిందంటనే నీ కూతురు!" అని వెనక కూర్చున్న తల్లుల్లోంచి వీరమ్మ నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

యశోద పరుగెత్తి మైకు లాక్కుంది. "ఆ పిల్ల నేనే. మా తర్లుపాడులో జరిగింది."

"మీ మంద కోత ఏందమ్మా?" అన్నాడు పోలయ్య మెల్లగా.

పుట్టింటి కోత నోటికి రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు.

"నేనే నాయనా" అంటూ గోపిక లేచింది. యశోద వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

పోలయ్య చెయ్యెత్తలేదు, అరవలేదు. అదే యశోదను ఎక్కువ భయపెట్టింది. "పద. ముందు మీ చిన్నాయన కాళ్లు పట్టుకోవాల, నేను గూడా. బడి సంగతి తర్వాత" అని పిల్ల మణికట్టు పట్టుకుని నడిచాడు. యశోద వెంటబడితే, "నువ్వు రాబాకమ్మా" అన్నాడు.

నాలుగు రోజులు యశోద అన్నం సరిగా తినలేదు. ఆ పేజీ చించేయమని అన్ని బళ్లకూ ఉత్తరం రాసింది, తప్పు తనదేనని సంతకం పెట్టి. ఐదో రోజు కోటేశ్వరరావు ఫోన్ చేశాడు.

"గోపిక బడికి వచ్చిందమ్మా."

యశోద ఊపిరి పీల్చుకుంది.

"ఈ శనివారం మీరు వస్తారని క్లాసులో చెప్పినా. మేడంతో మాట్లాడేవాళ్లు చేతులెత్తండి అన్నా. ఎప్పుడూ ఇరవై చేతులు లేచేవి గదా..."

"ఎన్ని లేచినయ్ సార్?"

"ఒక్కటి గూడా లేవలేదమ్మా" అన్నాడాయన.